ఎడంచేతి టిక్కు

టొలీడోలో మామీ నది గడ్డకట్టిన వారం
ట్రెయిలర్ మీంచి దించాం దాన్ని.
టాపు ఉండాల్సిన చోట వంగిన ఇనప కమ్ములు,
వాటికి వేలాడుతూ
జేబురుమాలంత నల్లటి గుడ్డ.

"డెబ్బై ఒకటి ప్లిమత్," అన్నాడు గేజా తకాచ్, టోపీ తీసి.
చర్చిలో తప్ప ఆయన టోపీ తియ్యగా చూళ్ళేదు నేను.

నాలుగొందల పాతిక గుర్రాల్ని
ఒక్క ఇనప పెట్టెలో కుక్కి
పైన కప్పడానికి గుడ్డ ఇచ్చారు.
ఆ ఏడు ఇలాంటివి చేసింది
రెండు చేతుల వేళ్ళు దాటితే ఒకటో రెండో.
ఇంకా చేద్దామన్నా అడిగినవాడేడీ?
కుర్రాడి వయసు వింటే చాలు,
బండి వాయిదా కన్నా భీమా వాయిదా బరువయ్యేది.
ఏసీ వచ్చాక గాలి కోసం టాపు తెరిచేదెవరు?
పొగ మీద చట్టం వచ్చింది.
పల్టీ కొడితే తల మీద ఏముందని
వాషింగ్టన్‌లో ఎవరో అడిగారు.
ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు.
ఇది బతికున్న రోజుల్లో
షోరూం వెనక వానలో నిలబడి
అద్దం మీద సబ్బుతో రాసిన ధరని
మూడుసార్లు చెరిపించుకుంది.

చివరికి కొన్నది సాగినాలో ఒక పళ్ళ డాక్టరు,
ఎల్డన్ క్రూక్‌శాంక్. ఆయన భార్యకి రంగు నచ్చిందట.
రెండు వేసవులు తోలి, చెవులు పోతున్నాయని
గరాజులో పెట్టాడు.
దాని మీద చలికాలపు కిటికీలు, క్రిస్మస్ దీపాల అట్టపెట్టెలు,
తర్వాత పిల్లల హాకీ సామాను.
నలభై ఏళ్ళు అదొక అరుగు.

ఇప్పటి యజమానికి
కొత్తగా అక్కర్లేదు, ఆ రోజులా కావాలి.
రంగు కారిన చోట రంగు కారాలి,
తలుపు కింద వెల్డింగు వంకరైతే వంకరే.
హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీలో
నిమిషానికో బండి కదిలే వరసలో
ఒళ్ళలిసి చేసిన తప్పుల్ని
మేం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి.
గంటకి నూట నలభై డాలర్లు.
ఆ తప్పు మొదట చేసినవాడికి
గంటకి నాలుగున్నర.

వెనక సీటు స్ప్రింగుల్లో ఎలక గూడు,
గూట్లో ఆనాటి కాయితం:
ఏ ఇంజను, ఏ గేరు, సీటుకి ఏ రంగు.
సగం ఎలక చదివేసింది.

ఇంజను వెనక రేకు మీద, గ్రీజు పొర కింద
పసుప్పచ్చ సుద్దతో ఒక టిక్కు.
గేజా టార్చి పెట్టి చాలాసేపు చూశాడు.
"తోక ఎడమకి పోయింది. ఎడంచేతి మనిషి."

హామ్‌ట్రామిక్ వెళ్ళాం. ఫ్యాక్టరీని ఎప్పుడో కూల్చేశారు.
లుడ్విక్ పియోంటెక్, తొంభైకి రెండు తక్కువ,
బీట్‌రూట్ సూప్ ముందు కూచుని చెప్పాడు:
"రాత్రి షిఫ్టులో ఎడంచేతి వాళ్ళం ముగ్గురం.
ముసైద్, యెమెన్ వాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.
వెర్డెల్, అలబామా పిల్ల, సమ్మెలో నిలబడి పని పోగొట్టుకుంది.
మూడోది నేను."
"అయితే ఈ టిక్కు మీదా?"
"రోజుకి కొన్ని వందల బళ్ళు అబ్బాయ్.
నిరుడు తిన్న రొట్టెల్లో ఏది ఏదో చెప్తావా నువ్వు?"
చెంచా మాత్రం కుడిచేతిలో ఉంది.

పాత టిక్కుని ఫోటో తీశాం, కొలిచాం, గీకేశాం.
కొత్త రంగు ఆరాక సుద్ద నాకిచ్చాడు గేజా,
ఆయన చేతులు వణుకుతాయి.
వారం రోజులు అట్టముక్కల మీద ఎడంచేత్తో గీశాను.
చక్కగా వస్తే పనికిరాదు,
వెనక బండి వచ్చేస్తోందన్న తొందర
అందులో కనపడాలి.
గేజా నా వెనక నిలబడి
ఒకటీ రెండూ అని తరిమేవాడు.

పోటీలో న్యాయనిర్ణేత నడుం వంచి టిక్కు చూశాడు,
తన కాయితం మీద ఇంకో టిక్కు పెట్టాడు.
తర్వాత వేలం. సుత్తి పడేసరికి అంకె వెనక ఆరు సున్నాలు.
ట్రెయిలర్ ఎక్కించే ముందు ఒక్కసారి స్టార్ట్ చేశారు,
గుడారం గుడ్డ అదిరింది,
ఎవరిదో కాఫీ ఒలికింది.
టాపు తెరవలేదు.

ఇంటికొస్తూ పాలు కొన్నాను.
రసీదు మీద నా సంతకం
ఎడంచేత్తో పడింది.