మడమ కట్టని జోడు

జగదాంబ జంక్షన్లో ఆటసామాన్ల కొట్టబ్బాయి
చక్రాల బూట్లు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు.
"రోడ్డు మీదైనా మంచు మీదైనా ఇవే మేడం."
మంచు అనే మాట అతని నోట్లో
పుల్లైసులా కరిగి కారిపోయింది.

నాకు కావలసింది అది కాదు.
నిలువెత్తు పట్టీలు రెండు.
వాటి మీద వేళ్ళ దగ్గర మాత్రమే బిగిసే బూటు.
మడమ దాని ఇష్టం, లేస్తుంది, దిగుతుంది.
మలుపు తిరగాలంటే ఒక మోకాలు వంచాలి,
కౌంటరు కింద దొర్లిన రూపాయి బిళ్ళ కోసం వంగినట్టు.
టెలిమార్క్ అంటారు.
ఆ పేరు చెబితే డాబాగార్డెన్స్‌లో ఒకాయన
ఫోన్లు బాగుచేసే షాపుకి దారి చూపించాడు.

గుల్మార్గ్ నుంచి బషీర్ లోన్ గారు ముందే చెప్పారు:
అన్నీ అద్దెకున్నాయి, ఆ రకం ఒక్కటే లేదు,
నువ్వు తెచ్చుకుంటే నేర్పిస్తాను,
ఇప్పటివాళ్ళకి దాని మీద ఓపిక లేదు.

ఓపికకేం. ఇరవై రెండేళ్ళుగా
తత్కాల్ వరసలో మొదటి మనిషి మొహం చూస్తున్నాను.
పాసు ఉంది, పదకొండు రోజుల సెలవు ఉంది,
రెండు జతల ఉన్ని మేజోళ్ళున్నాయి,
ఫిబ్రవరి ఉక్కలో వేసుకు చూసి
దురదతో విప్పేసినవి.

"లంబసింగి పోరాదా వొదినా, అక్కడా మంచేగా"
అంది మా ఆడపడుచు.
అక్కడ మంచు గడ్డి మీద కూచుంటుంది, భారతీ.
నేను మంచు మీద నించోవాలి.

చివరికి సింధియాలో,
సూరిశెట్టి పోలారావు పాత ఓడసామాన్ల కొట్లో,
లైఫ్ జాకెట్లూ తాళ్ళచుట్టలూ దాటి
గోడకి చేరబడి ఉన్నాయి,
పిలిస్తే పలకని ఇద్దరు మనుషుల్లా.
పక్కనే తోలుబూట్లు. బాతుముక్కు లాంటి కొనలు.
అడుగున మూడేసి చిల్లులు.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"అమ్మనండి," అన్నాడు.
ముప్పై ఒక్కేళ్ళ కిందట ఓ నార్వే నావికుడు
తాగిన బాకీ కింద తాకట్టు పెట్టి వెళ్ళాడట.
వాళ్ళ నాన్న పోతూ పోతూ కూడా
ఆయనొస్తే ఇచ్చెయ్‌రా అన్నాడట.
"అద్దెకైతే పట్టుకెళ్ళండి."
రసీదు పుస్తకంలో కార్బను సర్ది రాశాడు:
చెక్కలు రెండు. బూట్లు జత. తిరిగి ఇవ్వవలెను.
ఎవరికో రాయలేదు.

ఒక పట్టీ తోక దగ్గర పొర విచ్చింది.
ఫిషింగ్ హార్బర్లో ఫైబర్ పడవలకి అతుకులేసే
మైలపల్లి ఎల్లాజీ గోటితో కొట్టి విన్నాడు.
"ఏటమ్మా ఇది? నీటి మీద తేలతాదా?"
నీళ్ళ మీదే బాబూ, గట్టిపడ్డ నీళ్ళ మీద.
కాసేపు సముద్రం వైపు చూశాడు.
ఒక పొరకి మాట్లాడుకున్నవాడు రెండు పొరలేశాడు.
రెండోదానికి డబ్బు పుచ్చుకోలేదు.

బూట్లు నాకు మూడు సైజులు పెద్దవి.
వేళ్ళ దగ్గర పాత పేపర్లు కుక్కుతుంటే
పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టుపనివాడు దాలయ్య
వాటిని తిప్పి తిప్పి చూసి అడిగాడు:
"మడమ కట్టకపోతే పడిపోరా?"
పడతానేమో.
బషీర్ గారు మాత్రం, భయమేసినప్పుడు
ఇంకాస్త కిందికి వంగమన్నారు.
దాలయ్య నవ్వలేదు. లోపల మెత్తటి అట్ట ఒకటి అతికించి
ఎండకి పెట్టాడు.

రాత్రి డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన,
చెక్కల మీద నించున్నాను.
దూరంగా డాల్ఫిన్స్ నోస్ దీపం
ఒకసారి నా మీదుగా వెళ్ళినట్టనిపించింది.
మలుపు లేదు, వాలు లేదు,
నేల కదల్లేదు. చెమటొకటే జారింది.

ఇవాళ కౌంటర్లో ఒకాయన
పలాసకి రెండున్నర టిక్కెట్లు అడుగుతున్నాడు.
చిల్లర లెక్కపెడుతున్నాను.
బల్ల కింద, ఎవరికీ కనపడకుండా,
నా ఎడమ మడమ
చెప్పులోంచి లేచి ఉంది.