రిమార్కుల గడి

పొద్దున ఎనిమిదిన్నరకు
బెళుగుప్ప తాసీల్దారాఫీసు ఎనకాల
వాన కొలిచే డబ్బా మూత తీస్తాను.
లోపలి సీసాను ఎత్తి ఎలుతురుకు పట్టి చూస్తాను.
ఏమీ ఉండదు.
ఒక్కోసారి ఒక చీమ.

పుస్తకంలో తేదీ. దాని పక్కన
సున్నా, చుక్క, సున్నా.
నాకు ముందు ఈ పని చేసిన తిప్పేస్వామన్న
ఏడేండ్లూ రిమార్కుల గడిలో
అడ్డగీతలు గీసి పోయినాడు.
"ఇందులో ఏం రాయాల సార్?" అంటే
"ఏమన్నా ఉంటే రాయి" అన్నాడు సారు,
ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

మొదటి దినం రాసినాను:
మోడం బాగా పట్టింది. వాన రాలేదు.

రాసినాక నాకే అనుమానం.
బాగా అంటే ఎంత?
మిట్టమీద గాలిమరలు కనపడకుండా పోయినాయా?
ఆరేసిన బట్టలు ఎవరన్నా తీసినారా?
తీయలేదు.
అయితే బాగా పట్టలేదు.
కొట్టేసి మళ్లీ రాసినాను:
మోడం వచ్చింది. బట్టలు ఎవరూ తీయలేదు.

ఇంకొకనాడు పేపర్లో చూసిన మాట నచ్చి
వరుణుడు ముఖం చాటేశాడు, అని దించినాను.
మరుదినం చదువుకుంటే నవ్వొచ్చింది.
వరుణున్ని నేనెప్పుడు చూసినాను,
ఆయప్ప ముఖం ఎట్లుంటుందో నాకేం తెలుసు!
పెండ్లికి అడుక్కొచ్చిన చీర మాదిరి
ఆ మాట నా ఒంటిమీద నిలవలేదు.

దినానికి ఒక వాక్యం.
జీతానికి లెక్క కాదు, ఎవరూ అడిగింది కాదు.
నాలుగు దినాలు జ్వరమొచ్చి పోలేదు,
ఐదోనాడు పెన్ను పట్టుకుంటే
మాట బిగుసుకుపోయింది,
వాడక పక్కనపెట్టిన గిలక మాదిరి
కిర్రుమనింది గానీ తిరగలేదు.

మా తోడికోడలు సుంకులక్కకు నాకూ
రెండేండ్లుగా మాటల్లేవు.
ఎందుకే అని ఎవరన్నా అడిగితే
నా కాడ పది కారణాలుండె.
బుడ్డల మూట తక్కువ తూచింది,
గొర్రెపిల్లను అడక్కుండా అమ్మింది,
పెండ్లిలో అందరి ముందరా ఒక మాట అనింది.
చెప్పిన ప్రతిసారీ ఒకటి కొత్తగా చేరుతాండె.

కరెంటు పోయిన రాత్రి, పాత ఫారం ఎనకపక్క
అన్నీ రాద్దామని కూర్చున్నాను.
మొదటి వరస: అక్కకు పొగరు.
చెయ్యి ఆగిపోయింది.
పొగరు అంటే ఎంత?
ఏ కొలగ్లాసులో పోసి చూసినావు వన్నూరమ్మా?
కొట్టేసినాను.
మూట కొట్టేసినాను, మా మగోళ్లు తూచినారు దాన్ని.
గొర్రెపిల్ల కొట్టేసినాను, అది ఆమెదే.
పెండ్లిలో మాట ఏందో గుర్తే రాలేదు,
కోపం మాత్రం గుర్తుంది.

కొవ్వొత్తి అయిపోయే యాలకు
ఒక్క వరస మిగిలింది:
బోరు వేసిన దినం టెంకాయ కొట్టేదానికి నన్ను పిల్చలేదు.

పొద్దున్నే పోయి,
వాళ్ల వాకిట్లో నిలబడి, అంతే చెప్పినాను.
ముందొకటి ఎనకొకటి చేర్చలేదు.
అక్క చేతిలో చీపురు అట్లే ఉంది.
"నీళ్లు పడతాయో లేదో అని బయమేసింది.
పడితే పిలుద్దామనుకుంటి" అనింది.

పడలేదు గదా.
అది ఊరంతా తెలుసు.
ఆరువందల అడుగులు, ఉత్త దుమ్ము.
నేనెప్పుడూ ఆ రెండింటినీ
ఒకే వరసలో పెట్టి చూడలేదు.

మొన్న అర్ధరాత్రి దాటినాక వచ్చింది.
పొద్దున సీసా ఎత్తితే బరువు,
కొలగ్లాసు రెండు మాట్లు నింపినాను.
ముప్పైనాలుగు, చుక్క, రెండు.

రిమార్కుల గడిలో:
రెండున్నరకు మొదలు. రేకులమీద చప్పుడుకు లేచినాను.
సుంకులక్క తలుపు కొట్టి "ఇంటివా?" అనింది.
ఇంటిని అన్నాను. ఇద్దరమూ అరుగుమీద కూర్చున్నాము.
తెల్లారి చేన్లో కట్టె గుచ్చితే జానెడు దిగింది.
ఒక డబ్బా రేకు ఎగిరి ఎవరిదో తెలీకుండా మా దొడ్లో పడింది.

గడి చాల్లేదు.
పక్కన, అధికారి సంతకం అని ఉన్న గడిలోకి పోయినాను.

సారు పెన్ను తీసి జాగా ఎతికినాడు.
లేదు.
తిడతాడనుకుంటి.
మొదట్నుంచీ చదివినాడు, పెదాలు కదుపుకుంటా.
"రేకు ఎవరిదో తెలిసిందా?" అని అడిగి
పేజీ అంచున
చిన్నగా పెట్టినాడు సంతకం.