జానెడు జాగా

అక్షరానికి పదిహేను రూపాయలు.
సున్నకు లెక్క కట్టం, అది మా నాయన పెట్టిన పద్ధతి.
గృహప్రవేశం బండకైనా గోరీ బండకైనా
ఎర్రగుంట్ల రోడ్డు మీద ఇదే ధర.

డిసెంబరు పదహారుకు కావాలన్నారు.
ఏడు పేర్లు, కాగితం మీద ఇంగ్లీషులో.
ఆరడుగుల కడప నల్లబండ.
మీ వంటింటి గట్టుకు పరిచేదే,
మీరు ఎర్రగడ్డలు తరిగేదే.
నీళ్ళు చల్లి రుద్దితే మొగం కనపడుతుంది.
ఈసారి చూసుకోబుద్ధి కాలేదు.

ఇంగ్లీషు పేరుకు దీర్ఘం ఉండదు, ఒత్తు ఉండదు.
ఓబులేసో ఓబులేశో, పోయినోన్ని ఎట్ల అడిగేది?
అందుకే హవల్దారు గురప్పను పిలిపించినా.
ఆయన ఎడమకాలిని డెబ్బై ఒకటిలో
యాడనో ఇసుకలో మందుపాతర తినింది.
స్టూలు మీద కూర్చొని, కొయ్యకాలు విప్పి గోడకు ఆనించి,
ఒక్కొక్క పేరూ నోరారా పలికినాడు,
పేరుకూ పేరుకూ నడుమ కొంచెం ఆగి,
అవతలోడు హాజరు చెప్పాల్సి ఉన్నట్టు.

"సామీ, మీ పేరు యాడా లేదే?"
"తిరిగొచ్చినోనికి బండ యాల రా,
రేషన్ కార్డు చాలు" అని నవ్వె.
కాసేపటికి, నవ్వకుండా:
"నా కాలి పేరు రాస్తావా? అది రాలేదు గదా."

ఉలి పక్కన పెట్టి టీ తెప్పించినా.

మధ్యాన్నం జమ్మలమడుగు బస్సు దిగి మాబున్ని వచ్చింది.
చదువు రాదు.
"ఇందులో నావోడు యాడుండాడు నాయనా?"
నాలుగో వరస. చూపుడువేలు పట్టుకొని
'ద' గాడిలో పెట్టినా. రాతిపొడి వేలికి అంటింది.
"ఇంత లోతు తొవ్వినావే, నొప్పి..." అని ఆగి,
"వానకు పోదు కదా?" అని మార్చుకునింది.
పోదమ్మా. మనం పోయినా పోదు.
"దస్తగిరి అనేది వాళ్ళు.
ఇంట్లో మేము దస్తు అంటాంటిమి."

మా చేని గట్టున ఒక వీరగల్లు ఉంది.
గుర్రం ఉంది, కత్తి ఉంది, ముక్కు అరిగిపోయింది.
పేరు లేదు.
ఏ రాజు పంపితే ఏ వంక కాడ పడినాడో,
శనగ ఇత్తే ముందు మా అవ్వ పసుపు పూసి
"అబ్బోడా, చేను చూసుకో" అని చెప్పొచ్చేది.
ఆ రాజు ఎవరో ఆమె ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను.
"ఏడో పేరు కింద జానెడు జాగా ఇడిసిపెట్టు."
ఎందుకు సార్ అనలేదు నేను.
ఆయనా చెప్పలేదు.
ఇద్దరం కాసేపు ఫోన్లు పట్టుకొనే ఉన్నాం.

నున్నగా రుద్దిన ఆ జానెడు
రాత్రంతా బల్బు వెలుతురు తాగుతానే ఉంది,
ఆకలి తీరనిదాని మాదిరి.
నాలుగు గంటలకు షెడ్డు ముందర
అడుగుల చప్పుడు.
మా వీధి కంబగిరి, సెలక్షన్ల కోసం ఉరుకుతాండాడు.
పంతొమ్మిదేళ్ళు. ఉత్త కాళ్ళు.

ఉలి తీసుకున్నా.
ఆ జానెడూ నిండేట్టు శనగకొమ్మ చెక్కినా,
ఆకు మీద ఆకు, కాయ పక్కన కాయ,
ఒక్క అక్షరం కూడా పట్టకుండా.
ఆనక బండ తిప్పి,
గోడవైపుండే మొరటు రాతి మీద
రెండే అక్షరాలు కొట్టినా.
వాటికి బిల్లు వేయలేదు.

పదహారు పొద్దున
బంతిపూల దండలు పేర్లన్నీ మూసేసినాయి.
మాబున్ని ముందుకు పోయి, ఎవర్నీ అడగకుండా,
నాలుగో వరస మీది దండ కొంచెం జరిపింది.
గురప్ప సెల్యూట్ కొడితే కొయ్యకాలు కిర్రుమనింది.
ఆఫీసరు కొమ్మను చూసినాడు, నన్ను చూసినాడు,
టోపీ సర్దుకున్నాడు.

జనం వెనక, అరుగు మీద, కంబగిరి.
కాళ్ళకు కొత్త బూట్లు, తెల్లగా.
ఎవరు కొనిచ్చినార్రా అంటే
చెప్పకుండా గురప్ప వైపు చూసినాడు.
గురప్ప మాత్రం
బండ వైపే చూస్తాండాడు.