మింగని సారు

జెబల్ అలీ, పద్నాలుగో షెడ్డు, పొద్దున ఏడు.
బయట ఇసుకగాలి, లోపల ఏసీ చలి.
తెల్ల కప్పులు నలభై రెండు వరుసగ పెడ్త,
ఒక్కోదాంట్ల చిన్న త్రాసుతోని తూచిన ఆకు,
మసిలే నీళ్లు, మూత, ఆరు నిమిషాలు.
గంట కొట్టంగనే ఫూకన్ సారు వస్తడు.

చెంచాతోని జుర్రుమని గుంజుతడు
పక్క షెడ్డుకు వినబడేటట్టు.
చిన్నప్పుడు గట్ల జుర్రితే మా నాయనమ్మ నెత్తి మీద మొట్టేది.
ఈయనకు ఆ చప్పుడుకే జీతం.
నోట్ల ఒక్క తిప్పు తిప్పి
ఇత్తడి తొట్టిల ఉమ్మేస్తడు. మింగడు.
పదకొండేండ్లల్ల ఒక్క గుక్క మింగంగ చూడలే.

వచ్చిన కొత్తల నాకు ఆకంటే తునికాకే.
కోరుట్లల మా అమ్మ వేళ్ల సందున కత్తెర,
ఇల్లంత బీడీల ఘాటు.
"ముందుగాల నీ ముక్కు కడుక్కో" అన్నడు సారు.

"అస్సాం," అంటడు, అది ఆయన ఊరే,
"రొమ్ము విరిచి నిలబడ్తది, పాలు పోసినా తల వంచదు."
రెండో కోతది ఎర్రగ, మొలకగట్టిన జొన్నల వాసన.
"నీలగిరి నెమ్మదస్తురాలు, ఎవరితోని కలిపినా కలుస్తది,
ఐసు వేసినా మబ్బు పట్టదు."
కాంగ్రా సంగతి అడిగితే
"భూకంపంల సగం చచ్చి బతికిన తోట" అని ఊకుంటడు.
అన్నిటికన్న చివర డస్టు.
చిటికెల రంగు దిగుతది, కూలికి పోయేటోళ్ల చాయ,
ఆగి చూసే తీరిక లేనోళ్లది.
డార్జిలింగ్ మొదటి కోత వచ్చిన్నాడు మాత్రం
తలుపు మూయమంటడు, నా చేతుల సబ్బు వాసన పోయిందాక
నీళ్ల కింద పెట్టమంటడు.

ఒకసారి అది పారబొయ్య మనసొప్పక
ఫ్లాస్కుల పోసుకొని క్యాంపుకు తీస్కపోయిన.
కిలో ధర చెప్పిన. అందరు గుడ్లు తేలేసిన్రు.
సాజిద్ భాయ్ మూత దీసి చూసి
"గ్లాసులు కడిగిన నీళ్లు గదా" అన్నడు,
డబ్బా పాలు పోసి, యాలకులు దంచి
కరక్ లెక్క పొంగిచ్చి పొంగిచ్చి మసలబెట్టిండు.
బాగనే ఉండె. అబద్ధమెందుకు.

నవంబరుల మలబారు కాఫీ బస్తాలు దిగినయి.
గింజ చూస్తే పాలిపోయి, ఉబ్బి, ఎండుగడ్డి రంగు.
చెడిపోయిందనుకున్న.
సారు నవ్విండు. వెనకట తెరచాప ఓడల్ల
నెలల కొద్ది సముద్రపు గాలి తాగి గింజ గిట్లయ్యేదట,
పులుపు చచ్చి మెత్తబడేదట.
పొగ ఓడలొచ్చినంక తొందరగ చేరి, పచ్చగనే దిగితే
కొనేటోళ్లు "ఇది అది కాదు" అన్నరట.
అందుకే ఇప్పుడు ఒడ్డు మీది గోదాముల తలుపులు తెరిచి
కావాలనే వానగాలికి పరుస్తరట.

నేను విమానంల మూడున్నర గంటలల్ల దిగినోణ్ని.
నా పులుపు పోవడానికి గోదాముల పదకొండేండ్లు పట్టింది.

మొన్న అరకు శాంపిల్ వచ్చింది, అరకిలో.
ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పాంగి లైకోన్‌ది అదే మన్యం. పిలిచిన.
మిరియాల తీగ పాకిన చెట్ల కింద
పదేండ్ల వయసు నుంచి పండ్లు కోసినోడు,
తాగింది మాత్రం రాగి అంబలే.
సారు కాగితంల రాస్తున్నడు: నారింజ తొక్క, బెల్లం, కోకో.
"నీకేం వాసనొస్తున్నది?" అని అడిగిండు.
లైకోన్ కప్పు ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసిండు.
"ఎర్రచీమలు సార్. కొమ్మ వంచితే మెడ మీద రాలేవి."

కలం ఆగింది.
ఆ కాగితంల చీమలకు గడి లేదు.
సారు మళ్లొక చెంచా గుంజిండు,
చాన సేపు నోట్ల పట్టుకున్నడు.
నేను తొట్టి ముందుకు జరిపిన.
ఆయన తొట్టి దిక్కు చూడలే.

లైకోన్ చక్కెర అడిగిండు. మూడు చెంచాలు.