మూడు మార్కులు

ఆ దేశంలో నాకు పదికి ఏడు వేశారు.
పరీక్ష గదిలో కుక్క లేదు.
కుక్క ఇక బతకదని నేను చెప్పాల్సిన మనిషి మాత్రం ఉంది,
గంటకింత అని జీతం తీసుకుని ఏడ్చే నటి.
బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె.
గోడకు అద్దం, అద్దం వెనక మా ప్రొఫెసరు.
ఆమె నిజంగానే ఏడ్చింది. ముక్కు కొన ఎర్రబడింది.
నాకు మాట రాలేదు.
"మౌనం మరీ ఎక్కువైంది" అని రాసి
మూడు మార్కులు తీసేశారు.
బయటికొచ్చాక కాఫీ మిషను దగ్గర
ఆమె నన్ను చూసి నవ్వి, చిల్లర ఉందా అని అడిగింది.

ఎనిమిది వారాలు.
రబ్బరు ఆవు కడుపులోకి భుజం దాకా చెయ్యి పోనిచ్చి
నీళ్ళ సంచిని దూడ అనుకుని తడిమాను.
తర్వాత నిజం ఆవు. పేరేంటని అడిగితే
రైతు చెవి నంబరు చెప్పాడు, ముద్దుగానే చెప్పాడు.
జబ్బు గుర్రాన్ని పట్టీలతో నిలబెట్టే క్రేను చూశాను.
గడ్డి మోకాళ్ళెత్తు ఉందని ఫోన్లో చెప్తే
మా అమ్మ, "మేసేకి గొర్లెన్ని ఉండాయి?" అనింది.
లాగ్‌బుక్కులో ముప్పైనాలుగు గడులు,
ముప్పైనాలుగు సంతకాలు.

ఇప్పుడు బెళుగుప్ప పశువుల ఆస్పత్రి.
ఆడా గాలిమరలే, ఈడా గాలిమరలే.
కింద నేల రంగొక్కటే మారింది.

వన్నూరక్క ఎద్దు కేబులు కోసం తవ్విన గుంతలో పడింది.
జేసీబీ బకెట్టుకు గోనెసంచులు చుట్టి
ఊరంతా తలా ఒక మాట అరుస్తా పైకి తీసినారంట.
నేను పోయేసరికి శెనక్కాయ చేను గట్టున
పక్కకు పడుకోనుంది. పుల్లోడు దాని పేరు.
జత ఎద్దు ఇటు చూడకుండా ముఖం తిప్పుకుని నిలబడింది.

గ్లౌజు తొడిగి చెయ్యి లోపలికి పోనిచ్చాను.
తుంటి ఎముక రెండు ముక్కలు
ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు
చెవులకు కాదు, వేళ్ళకు వినబడింది.
రబ్బరు ఆవులో ఈ చప్పుడు ఎవరూ పెట్టలేదు.
వన్నూరక్క నా ముఖం చూడడం లేదు.
మోచేయి ఎక్కడ ఆగిపోయిందో చూస్తోంది.

డాక్టరు సారు గాలికుంటు టీకాలకు పోయినాడు.
ఫోన్లో, "నొప్పికి సూది వెయ్యి, ఇంకేం చెప్పొద్దు" అన్నాడు.
కిలోకు ఎన్ని మిల్లీలో నాకు నోటికొచ్చు.
ఆ సీసా మా బీరువాలో లేదు.
కాల్షియం ఉంది, నట్టల మందుంది, అయోడిన్ ఉంది.
సీసా ఉన్నా, మాట లేదు.
పేపర్లో రాస్తారే, కారుణ్య మరణం,
దాన్ని ఈ గట్టు మీద నోట పెట్టుకుంటే
పంటి కింద రాయి.

నొప్పికి సూది వేశాను.
చెప్పాల్సింది చెప్పలేదు.
పుల్లోని మెడ కింద నా బ్యాగు సర్ది
పక్కనే చతికిలబడ్డాను.

ఆ గదిలో గడియారం ఉండేది.
ఇక్కడ గాలిమర రెక్క నీడ
ఎద్దు మీదుగా, ఆమె మీదుగా, నా మీదుగా
పోతా ఉంది, వస్తా ఉంది.
లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండొందల దగ్గర మరిచిపోయాను.
వన్నూరక్క ఏడవలేదు.
ఈగలను కొంగుతో తోలింది.
ఒకసారి దాని కొమ్ముకు అంటిన మన్ను
గోరుతో గీకింది, రేపు సంతకు తోలకపోయేటట్టు.

పొద్దు వాలి నీడ చేను దాటి ఎటో పోయింది.
మరల నెత్తిన ఎర్ర దీపాలు వెలిగినాయి.
ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం
పెరిగింది, ఇంకా పెరిగింది.
తర్వాత ఎడమే మిగిలింది.

ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది.
"శానా సేపు కూసుంటివి పాపా,
దీనికేమన్నా దుడ్లియ్యల్నా?" అని
కొంగు ముడి విప్పబోయింది.

నేను గ్లౌజు లోపలిది బయటికి తిరగేసి విప్పుతా ఉన్నాను.
వేళ్ళ దగ్గర ఇంకా వెచ్చగానే ఉంది.