రెండో ఎక్కం అయ్యేదాకా

పంతొమ్మిది నెలల తుప్పు.
తాళంకప్పలో కొబ్బరినూనె పోస్తే గానీ చెవి తిరగలేదు.
లోపల నల్లబల్ల మీద ఇంకా అదే తారీకు,
మార్చి నెల, హాజరు ముప్పై ఒకటి.
తడిగుడ్డ తీశాను.
హెడ్డమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఉండనీ ఆయా. ఇవాళ్టి లెక్క తేలనీ."

గూడ్సుబండి పోయినప్పుడల్లా కిటికీలు వణికే
కొరుక్కుపేట బడి మాది.
కార్పొరేషను బడి, తెలుగు మీడియం.
చీపురు పట్టి ఊరు ఊడ్చేవాళ్ళ పిల్లలే అంతా.
పట్నం పట్నమే తలుపులు బిగించుకున్న రోజుల్లో
ఆ తలుపుల ముందు చెత్త ఎత్తింది వీళ్ళ అమ్మానాన్నలే.

ఆదివారం వాకిట్లో గుండ్రాలు గీశాను.
పప్పు గుండిగ మూత బోర్లించి
చుట్టూ సున్నం పోశాను.
ఒకదానికీ ఇంకోదానికీ నా చీపురంత దూరం.
రాత్రి వాన దంచింది.
తెల్లారేసరికి వాకిలంతా ఒలికిన పాలు.
మళ్ళీ మూత తెచ్చుకున్నాను.

మొదట వచ్చినవాడు ఏలియా.
జ్వరం చూసే మిషను నుదుటికి ఎత్తానో లేదో
రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు,
టీవీలో పట్టుబడ్డ దొంగలాగా.
ముందు నా నుదుటికి పెట్టుకున్నాను.
తర్వాత గేటు కమ్మీకి.
తర్వాత మా కుంటికుక్కకి. ఎర్రదీపం వెలిగింది.
"దానికి జ్వరం! లోపలికి రానీకు ఆయా,"
అంటూ వాడే మణికట్టు చాపాడు.

తబితది రెండో తరగతి.
బడి గుమ్మం తొక్కడం ఇదే మొదలు.
వాళ్ళ నాన్న డ్యూటీ దిగి, ఆయనతో ఫోను ఇల్లు చేరిన
రాత్రుళ్ళలోనే జరిగింది ఒకటో తరగతి.
బెంచీకి ఒక్కరే కూర్చోవాలంటే నమ్మలేదు.
"మొత్తం నాకేనా? మా ఇంట్లో ఇంత చోటులో
నేనూ అక్కా తమ్ముడూ పడుకుంటాం."

సబ్బు నురగతో ఇరవై లెక్కపెట్టాలట.
రెండో ఎక్కం చదవండి చాలు, అంది హెడ్డమ్మ.
వచ్చినవాళ్ళు రెండు పదులు ఇరవై అని అరిచి
తడిచేతులు గౌనుకి తుడుచుకుని పరిగెత్తారు.
చెంచుకుమార్ మాత్రం సగంలో తప్పి మళ్ళీ మొదలు,
మళ్ళీ తప్పి మళ్ళీ మొదలు.
ఎక్కం మరిచినవాడి చేతులే
మా బళ్ళో అందరికన్నా శుభ్రం.
వాడి మాస్కు వాళ్ళమ్మ చీర గుడ్డ.
గుర్తుపట్టాను. ఆమె పేరు ఎత్తలేదు.

అన్నం దగ్గర మాస్కులు దిగాయి.
హెడ్డమ్మ మొహం చూసి, ఈమె ఎవరని అడిగింది తబిత.
నేను మాత్రం పళ్ళు చూస్తూ ఉండిపోయాను.
పాలపళ్ళు ఊడిపోయాయి, నేను చూడకుండానే.
తెలిసిన మొహాల్లో తెలియని పళ్ళు, రంపపు అంచుల్లా.
ఇదివరకు ఏ పన్ను ఊడినా మా రేకుల మీదికే విసిరేవాళ్ళు.
టక్కుమన్న చప్పుడికి
ఎవరిదిరా అని బయటికి వచ్చేదాన్ని.
రెండు వానాకాలాలు ఆ రేకుల మీద
వాన తప్ప ఏదీ పడలేదు.

హాజరు ఇరవై రెండు.
ఇద్దరు నెల్లూరు వైపు వెళ్ళిపోయారు.
మస్తాను చేపల షెడ్డులో ఐసు కొడుతున్నాడని విన్నాం,
సాయంత్రం వాళ్ళింటికి పోవాలి.
మిగతావాళ్ళవి ఫోన్లు కలవడం లేదు.
హెడ్డమ్మ తారీకు మార్చింది.
పాత ముప్పై ఒకటి అలాగే ఉంచి
పక్కన కొత్త అంకె వేసింది.

గుడ్డు తిన్న చేతులతో మళ్ళీ కుళాయి దగ్గర వరస.
అందరూ వెళ్ళాక చెంచుకుమార్ ఒక్కడే మిగిలాడు.
రెండార్లు పన్నెండు...
రెండేళ్ళు...
రెండేళ్ళు...
తలెత్తి నన్ను అడిగాడు,
"రెండేళ్ళు ఎంత ఆయా?"

చదువుకోనిదాన్ని.
చదువుకున్నా చెప్పగలిగేదాన్నో లేదో.
వాడి వేళ్ళ మీద నురగ ఆరిపోకుండా
చెంబుతో కొంచెం కొంచెంగా
నీళ్ళు పోస్తూ నిలబడ్డాను.