ఫిబ్రవరి లెక్కలు

కరెంటు బిల్లు వెనక
మైము పెరడు గీస్తోంది.
బంగాళాదుంప నాలుగు సాళ్లు, బీట్‌రూట్ రెండు,
కంచె వారన బఠాణీ.
కిటికీ అవతల ఆ పెరడంతా
మోకాలి లోతు మంచు కింద ఉంది.
సారెమా దీవి చుట్టూ సముద్రం కూడా
ఒడ్డు దాకా బిగుసుకుపోయింది.

"ఏప్రిల్లో కురెస్సారె సంతలో
పన్నెండు కోడిపిల్లలు తెద్దాం" అంటుంది.
గూడు ఎనిమిదింటికే కట్టానంటాను.
"అందులో రెండు నక్క పాలైతే?"
పెన్సిలు చెవి మీద దోపి నావైపు చూస్తుంది,
నక్కతో బేరం కుదుర్చుకుంది నేనే అన్నట్టు.

పెరుగు డబ్బాల్లో టమాటా మొలకలు
మెడలు సాచి గాజుకు ఆనుకున్నాయి.
వెలుతురు చాలదు వాటికి.
రోజూ డబ్బాలు తిప్పి పెడతాను,
మర్నాటికి మళ్లీ అటే.

పొద్దున్న గొడ్డలి వీపుతో
కోళ్ల నీళ్లగిన్నెలో మంచుగడ్డ పగలగొట్టాను.
ముసలి బూడిదరంగు పెట్ట,
నవంబరు చీకట్ల నుంచి ఒక్క గుడ్డూ పెట్టనిది,
ఆదివారం పులుసుకని
మేమిద్దరం గొడవపడకుండా ఒప్పుకున్నది,
గడ్డిలోంచి లేవనంది. పొడిచింది కూడా.
కడుపు కింద చెయ్యి దూర్చితే
వెచ్చగా ఒకటి.

చేతితొడుగులో దాచి తెచ్చి
బల్ల మీద, ఆమె గీసిన బఠాణీల మీద పెట్టాను.
దొర్లుకుంటూ పోయి బీట్‌రూట్ల దగ్గర ఆగింది.
మైము ఏమీ అనలేదు.
పన్నెండు కొట్టేసి
పదకొండు అని రాసింది.